అవ్వ దాహం

మొన్న గాజులు తీసి చేతులకు నూనె రాసుకుంటుంటే ఎడమ మణికట్టు మీద ఆవగింజంత తెల్లమచ్చ కనిపించింది. అద్దాలు పెట్టుకుని చూశాను, తీసి చూశాను, కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూశాను. మచ్చ ఎక్కడికీ పోలేదు. "సున్నమేమో అత్తమ్మా" అంటూ మా కోడలు తడిగుడ్డతో రుద్ది, చర్మం ఎర్రగా చేసి పెట్టింది. మరునాడు అనంతపురం టౌన్లో చర్మం డాక్టరు దగ్గరికి పోతే ఆయన నా చేయి అటూ ఇటూ తిప్పి, వయసుతో వచ్చేదేనమ్మా, మందు కూడా అక్కర్లేదు అని నవ్వి పంపించాడు. నేనూ నవ్వుతూనే బయటికి వచ్చాను. ఆటో ఎక్కి కూర్చున్నాక మాత్రం, అంత ఎండలోనూ, కొంగు లాగి ఆ మణికట్టు కప్పుకున్నాను. అరవై దాటిన మనిషిని, ముప్ఫై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని, చర్మం మీద మచ్చకు జడిసేదాన్నేం కాదు. కానీ దాన్ని చూడగానే నాకు అవ్వ గుర్తొచ్చింది. పూడ్చిపెట్టిన అవ్వను మళ్ళీ బయటికి తీద్దామని ఊరు ఊరంతా గడ్డపారలు పట్టుకుని చేలో నిలబడిన ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో నేను కళ్యాణదుర్గానికి కాస్త అవతల ఒక హైస్కూల్లో పనిచేసేదాన్ని. స్టాఫురూములో ఆడవాళ్ళం ముగ్గురమే. తెలుగు చెప్పే ఆవిడ నాకంటే కొంచెం పెద్ద, అందుకని నాకు అక్క. హిందీ చెప్పే ఆవిడను పిల్లల దగ్గర్నుంచి హెడ్‌మాస్టరు దాకా అందరూ ఆపా అనేవాళ్ళు కాబట్టి మాకూ ఆపాయే. ముగ్గురి క్యారియర్లూ ఒకే బెంచీ మీద తెరుచుకునేవి. ఎవరి కూర ఎవరి కడుపులోకి పోయిందో ఎవరికీ పట్టేది కాదు. ఏటా ఏడో తరగతికి వాన ఎట్లా పడుతుందో నేను బోర్డు మీద బాణాలు గీసి చెప్పేదాన్ని. సముద్రం నుంచి ఆవిరి పైకి పోయే బాణం, మబ్బు చల్లబడే బాణం, చినుకు కిందికి దిగే బాణం. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మేడమ్, ఆ చివరి బాణం గీయాకండి, అది మన కాడికి రాదు" అంది. కోప్పడాలో నవ్వాలో తెలియక డస్టరు తీసుకుని ఆ బాణం తుడిచేశాను. నిజం చెప్పొద్దూ, ఆ ఏడు ఆ పిల్ల చెప్పినట్టే జరిగింది.

అక్క పుట్టిల్లు బడికి దగ్గరలోనే, షేర్ ఆటోలో పోయివచ్చేంత దూరంలో ఉన్న పల్లె. ఆదివారాలు మేం ముగ్గురం అక్కడికి పోయేవాళ్ళం. వాళ్ళమ్మను అక్క కూతురు అవ్వ అని పిలిచేది, దాన్ని చూసి మేమూ అవ్వ అనే అలవాటైపోయింది. అవ్వకు నడివయసులో బొల్లి వచ్చిందట. నేను చూసేనాటికి ముఖంలో సగం, మెడ, చేతులు, పాదాలు పాలతెలుపు, మిగతాదంతా చామనఛాయ. మొదటిసారి చూసినప్పుడు నేను కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడుతుంటే, "బాగ చూడు మ్మే, మొగమాటమెందుకు. దేవుడు నాకు సున్నం కొట్టబోయి, సగంలో సున్నం చాలక నిచ్చెన దిగిపోయినాడు" అంది. ఆ తర్వాత నాకు ఆ మనిషిలో మచ్చలు కనిపించలేదు. ఊరివాళ్ళకు మాత్రం కనిపించేవి. పెళ్ళికి పోతే అవ్వను పందిట్లో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. వెనక పెరట్లో జామచెట్టు కింద కూర్చుని తిని వచ్చేది. ఏ కూరలో ఉప్పు ఎక్కువైందో, ఏ వియ్యపురాలు ఎందుకు మూతి ముడుచుకుందో, పందిట్లో ఉన్నవాళ్ళకు తెలియని సంగతులన్నీ ఆ చెట్టు కింద నుంచే పట్టుకొచ్చి మాకు చెప్పేది. విత్తనం వేసే రోజు పొద్దున తనంతట తనే తలుపేసుకుని ఇంట్లో ఉండేది, ఎదురు రాకూడదని. ఆమె ఇల్లు దారి పక్కనే. పందిరి కింద ఎప్పుడూ ఒక కుండ, దాని మీద చెంబు. దారిన పోయే పరాయివాళ్ళు ఆగి తాగేవాళ్ళు. ఊరివాళ్ళు ఎంత ఎండలో వచ్చినా, "ఇప్పుడే తాగినాంలే అవ్వా" అని పోయేవాళ్ళు. అవ్వ మరునాడు మళ్ళీ కుండ నింపి పెట్టేది.

ఆ తట్టు ఒక నమ్మకం ఉండేది. బొల్లి వచ్చిన మనిషి పోతే కాల్చాలి గానీ పూడ్చకూడదు. పూడిస్తే మట్టి ఆ మనిషిని తీసుకోదు, ఆ ఊరి మీద మబ్బు దిగదు. ఎవరైనా పూడిస్తే, వానలు ఎగ్గొట్టిన ఏడు ఆ గుంత తవ్వి, మిగిలిందాన్ని బయటికి తీసి అక్కడే కాల్చేస్తారు. మొదటి పార కన్నబిడ్డ వేయాలి. పరాయివాళ్ళు వేస్తే ఆ ఉసురు వాళ్ళ ఇంటికి చుట్టుకుంటుందట. అక్క వాళ్ళ ఇళ్ళలో కాల్చే పద్ధతి లేదు, సొంత చేలో పూడ్చుకోవడమే ఆచారం. ఒక ఆదివారం మేం సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తింటుండగా అవ్వ ఉన్నట్టుండి, "నన్ను మాత్రం కాల్చేయండి మ్మే" అంది. "మన ఇండ్లల్లో పూడుస్తారని నాకూ తెలుసు. కానీ వాన రాకపోతే వీళ్ళు నన్ను లేపుతారు. సచ్చినాంక గూడా ఒకరు లేపితే లేచేది నా వల్ల కాదు." అక్క ముద్ద పక్కన పెట్టేసి, ఎప్పుడూ లేనంత గట్టిగా చెప్పింది: "నేనుండగా నిన్ను ఎవురూ ముట్టుకోరు మా. నువ్వు నాయన పక్కనే పండుకుంటావు. ఇది నా మాట." అవ్వ ఇంకో ముద్ద వేసింది నా పళ్ళెంలో. ఆ ఎండాకాలంలోనే, పెద్దగా జబ్బు పడకుండానే, అవ్వ పోయింది. వాళ్ళ ఎర్రనేల చేలో, ఆయన పక్కన పడుకోబెట్టారు.

ఆ చేలో ఒక బోరు ఉండేది. అక్క నాయన బతికున్న రోజుల్లో వేయించింది, నీళ్ళు పడలేదు. గొట్టం నోటికి ఒక బండ అడ్డం పెట్టి వదిలేశారు. గాలి తిరిగినప్పుడల్లా బండ సందులోంచి సన్నటి మూలుగు వచ్చేది. చుట్టూ చెట్టు లేదు, పక్షి లేదు, పొద్దు నడినెత్తిన ఉండగా ఎర్రదుమ్ము సుడి తిరుగుతూ లేచి నిలబడి, ఎవరికోసమో చూసినట్టు చూసి, పడిపోయేది. అప్పుడు ఈ మూలుగు. అవ్వ దినాలకు పోయినప్పుడు అక్క కూతురు ఆ బండ మీద చెవి ఆనించి కూర్చుని ఉంది. మూడో తరగతి పిల్ల. లేపి పక్కకు తీసుకొచ్చి, లోపలి గాలికీ బయటి గాలికీ ఒత్తిడి తేడా ఉంటుందమ్మా, అందుకని చప్పుడొస్తుంది, అంతకుమించి ఏమీ లేదు అని నిదానంగా చెప్పాను. పిల్ల శ్రద్ధగా అంతా విని, "సరే పిన్నమ్మా. మరి అది నా పేరెందుకు అంటాంది?" అని అడిగింది. నేను దాని చేయి పట్టుకుని గబగబా ఇంటికి నడిపించుకొచ్చాను. దారిలో ఒకసారి వెనక్కి తిరిగి చూశాను కూడా, ఎందుకో.

ఆ ఏడు మా స్టాఫురూముకు ఏదో దృష్టి తగిలింది. ముందు ఆపా తమ్ముడు పోయాడు. తాడిపత్రి నుంచి నాపరాళ్ళ లారీలో వస్తూ, లారీ బోల్తా పడి. పెళ్ళి కుదిరిన పిల్లవాడు. ప్రతి శుక్రవారం ఆపా నాయన కబరస్తానుకు పోయి సమాధి మీద నీళ్ళు చల్లి వచ్చేవాడు. "ఆడోళ్ళం, మమ్మల్ని ఆడికి పోనీరు. నీళ్ళు మాత్రం నేనే నింపి ఇస్తా" అనేది ఆపా, సీసా మూత బిగిస్తున్నట్టు వేళ్ళు తిప్పుతూ. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. మబ్బు రావడం, ఊరి మీద కాసేపు నిలబడడం, కన్నడ దేశం వైపు తేలిపోవడం. విత్తిన చెనక్కాయ మొలక మట్టిలోనే మాడింది. ట్యాంకరు వచ్చిన రోజు నీళ్ళు, రాని రోజు ఎదురుచూపు. ఆ రోజుల్లోనే ఒక పొద్దున అక్క కూతురు ఉబ్బిన ముఖంతో నిద్రలేచింది. కళ్ళు తెరుచుకోవడం లేదు. రెండు రోజుల్లో కాళ్ళూ ఉబ్బాయి, మూత్రం రావడం, మా తట్టు మాటలో ఒంటికి పోయడం, ఆగిపోయింది. కళ్యాణదుర్గంలో చూసి అనంతపురం పొమ్మన్నారు, అనంతపురంలో చూసి బెంగుళూరు పొమ్మన్నారు. మూత్రపిండాలు పనిచేయడం లేదు, ఇట్లాగే ఉంటే మిషను మీద పెట్టి రక్తం కడగాలి అన్నారు అక్కడ. బావ సెలవు పెట్టి పిల్ల దగ్గర ఉండిపోయాడు. ఆపా దర్గా నుంచి దారం తెచ్చి ఇచ్చింది, పిల్ల చేతికి కట్టమని. అట్లాంటి వాటికి నేను మామూలుగా మూతి తిప్పుతాను. ఈసారి నేనే పర్సులో భద్రంగా పెట్టుకుని పోయి కట్టాను.

ఆసుపత్రిలో ఆ శనివారం నేను అక్కతో ఉన్నాను. ఒంట్లో చేరిన నీరు బయటికి పోవడం లేదు కాబట్టి పిల్లకు నీళ్ళు ఇవ్వకూడదు. తడిపిన దూది పెదాలకు అద్దడమే. అది దూదిని పళ్ళతో పట్టుకుని వదిలేది కాదు. నర్సు వచ్చి నెమ్మదిగా లాగేది. కిటికీ బయట బెంగుళూరులో వాన కురుస్తోంది. ఎవరూ అడగకుండా, ఎవరికీ అక్కర్లేకుండా, రోడ్డు మీద జనం తిట్టుకుంటుండగా ధారగా కురుస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల ఆ వాన వైపు చూడలేదు. మంచం కాళ్ళవైపు, ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూస్తూ పడుకుంది. చాలాసేపటికి, "అవ్వ నీళ్ళడుగుతాంది మా" అంది. అక్క చేతిలో దూది ఆగిపోయింది. "ఆమెకు గూడా ఇయ్యరంట. నోరంతా మన్నేనంట. అడిగి అడిగి గొంతు పోయిందంట." పిల్ల గొంతులో భయం లేదు, ఏడుపు లేదు; బడి నుంచి వచ్చి ఎవరు ఏమన్నారో చెప్పినట్టు చెప్పింది. ఒంట్లో విషం బయటికి పోకపోతే మెదడుకు ఎక్కుతుంది, మాట అట్లా తప్పుతుంది, జ్వరం కూడా ఉంది అని అక్కకు చెప్పాను. చెబుతూనే ఆ కుర్చీని కొంచెం అవతలికి జరిపాను. ఎందుకు జరిపానో నన్ను అడగొద్దు.

మరునాడు పొద్దున్నే ఊరి నుంచి అక్క తమ్ముడి ఫోను వచ్చింది. అవ్వను తవ్వి కాల్చాలని ఊరు కూర్చుని తీర్మానం చేసిందట. అక్క రావాలి. వాడు ఒక్కడే పార పట్టనని మొండికేశాడట, అక్క ఎట్లా చెబితే అట్లా అన్నాడట. బావను పిల్ల దగ్గర వదిలి మేమిద్దరం బస్సెక్కాం. వాన వెనకబడిపోయి, నేల రంగు మారి, గాలి పొడిగా ముఖానికి కొట్టడం మొదలైంది. అప్పుడు అక్క కిటికీ వైపు తిరిగే, "అమ్మకు ఆడ పడలేదేమో మ్మే" అంది. "ఊరోళ్ళు చెప్పేదే నిజమేమో. మట్టి ఆమెను తీసుకోలేదేమో. నేను మాటిచ్చినా అని పట్టుబట్టి ఆమెను ఆడ పెట్టినా. ఇప్పుడు ఆమె వచ్చి నా బిడ్డ మంచం కాడ కూర్చున్నాది. కాల్చేస్తే ఆమెకూ పోతాది, బిడ్డకూ పోతాది." నేను కోప్పడ్డాను. తెలుగు మేడమ్‌వు, నువ్వే ఇట్లా మాట్లాడితే ఎట్లా అన్నాను. రక్తపరీక్షలో వచ్చిన అంకెలన్నీ అప్పజెప్పాను. అక్క నా చేయి పట్టుకుని, "నీ బిడ్డ బాగుంది కదా, అందుకని నీకు సైన్సు వస్తాంది" అంది. అమ్మకిచ్చిన మాటా, కన్నబిడ్డ ప్రాణమూ చెరోవైపు లాగుతుంటే నేను ఏ పుస్తకం తెరవాలి?

ఇట్లాంటివి చీకట్లో చేస్తారని అందరూ అనుకుంటారు. ఆ ఊళ్ళో మిట్టమధ్యాహ్నం చేస్తారు. ఆ వేళకు చేలల్లో పురుగు కూడా తిరగదు, పరాయి కన్ను పడదు. మేం పోయేసరికి చేలో జనం ఉన్నారు. గడ్డపారలు, పారలు, ఒక పక్కన జాలికంప కుప్ప, కిరసనాయిలు డబ్బా. బోరు మూలుగు వస్తోంది. ఆపా మాకంటే ముందే వచ్చి, కొంగు తల మీదికి లాక్కుని గట్టు మీద నిలబడి ఉంది. నాకు ఆ జనం మీద పళ్ళు కొరుక్కునేంత కోపం ఉండేది, దగ్గరికి పోయి ముఖాలు చూసేదాకా. అందరివీ ఎండిపోయిన ముఖాలు. ఊరిపెద్ద ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "మాకేం పగ లేదు తల్లీ. ఆయమ్మ మాకూ అమ్మే. విత్తనం మట్టిలోనే సచ్చిపోతాంది, గొడ్లను కసాయోడికి తోలినాము. ఇంగ ఏం చేయాల చెప్పు, అదే చేస్తాం." నేను ఊరుకోలేక రుతుపవనాల గురించి మొదలుపెట్టాను. ఒకాయన మర్యాదగానే, "మేడమ్, మీ పుస్తకంలో వాన మా ఊరికి రాలేదు గదా" అన్నాడు. అక్క తమ్ముడు తల వంచుకుని పార తెచ్చి అక్క ముందు పెట్టాడు. అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది.

అప్పటిదాకా గట్టు మీద పొగాకు నములుతూ కూర్చున్న ముసలావిడను నేను పట్టించుకోలేదు. అవ్వ చెల్లెలు. పావగడ తట్టు ఇచ్చారు, సగం కన్నడం మాట్లాడుతుంది, ఊళ్ళో ఎవరితో పడదు, అవ్వతో కూడా జీవితమంతా పోట్లాడుతూనే ఉండేదట. చిన్నవ్వ అనేవాళ్ళం. అక్క పార పట్టుకుని ఒక అడుగు వేయగానే ఆవిడ నన్ను కేకేసి, "పాపకెట్లుండాది? నోరు తెరిచిందా?" అని అడిగింది. ఆ సమయంలో ఆ ప్రశ్నేమిటని చిరాకేసింది. కానీ ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే గుండె పగిలేట్టు ఉంది. పిల్ల ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్పాను. చేలో అందరూ విన్నారు. ఎవరో "అదిగో" అన్నారు, సాక్ష్యం దొరికినట్టు. చిన్నవ్వ పొగాకు ఉమ్మేసి లేచి నిలబడింది.

"ఏమన్నింది? దాహమన్నిందా? దాహమన్న మనిషికి నిప్పు పెడతారా ఎవురన్నా?" గొంతు పెంచకుండా, ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ అడిగింది. "మీ ఇండ్లల్లో నీళ్ళడిగినోళ్ళకు కిరసనాయిలు పోస్తారా అప్పా? మా పావగడ తట్టు తవ్వేది లేదు. తలకాడ చిన్న బొక్క చేసి నీళ్ళు పోస్తారు. సచ్చినోళ్ళ గొంతు తడిస్తేనే మబ్బు గొంతు తడిసేది." ఊరిపెద్ద నమ్మీ నమ్మనట్టు, "కన్నడ దేశంలో అట్ల చేస్తారా?" అన్నాడు. "చేయకుండానే ఆడ పడతాండాదా వాన?" అంది చిన్నవ్వ. మబ్బులన్నీ అటే పోతున్నాయని అందరికీ తెలుసు. ఆవిడ ఇంకా వదల్లేదు. "బతికినన్నాళ్ళు దాని చేతి నీళ్ళు ఒక్కరు తాగలేదు. పోనీ, మీ చేతి నీళ్ళు అది తాగుతాదేమో చూడండి." ఆపా గట్టు దిగి అక్క పక్కకు వచ్చి, "మాలో కూడా కబర్ మీద నీళ్ళు చల్లుతారు అక్కా. లోపలున్నోళ్ళకు చల్లగా ఉంటుందని" అని మెల్లగా చెప్పింది. అక్క పార కింద పెట్టేసింది. చివరికి ఊరిపెద్దే గడ్డపార తీసుకుని, తవ్వడానికి తెచ్చిన ఆ గడ్డపారతోనే, తలవైపు ఒక చిన్న బెజ్జం చేశాడు. ఆడవాళ్ళు ఇళ్ళకు పోయారు. ట్యాంకరు నీళ్ళు దాచుకున్న బిందెల్లోంచి తలా ఒక చెంబు ముంచుకుని, కొంగు కప్పుకుని, తొణక్కుండా తెచ్చారు. ఆ నీళ్ళు ఆ రోజు వాళ్ళ ఇంట్లో ఎవరి నోటికో అందాల్సినవి.

అక్క మొదటి చెంబు పోసింది. తర్వాత తమ్ముడు. తర్వాత ఒక్కొక్కరే. అప్పుడు వచ్చింది ఆ చప్పుడు. బీటలువారిన నేలలోకి నీళ్ళు దిగితే లోపలి గాలి బుడగలై బయటికి తోసుకొస్తుంది, చప్పుడవుతుంది. ఇది నేను పిల్లలకు పరీక్షలో ఇచ్చే ప్రశ్నే. కానీ ఆ ఎండలో, మా అందరి చెవులకూ వినిపించింది గుటక. ఆత్రంగా తాగే మనిషి గొంతులో పడే గుటక. ఒకటి పడి, ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మళ్ళీ ఇంకొకటి. పక్కనే ఉన్న మగవాళ్ళు తలగుడ్డలు తీసేశారు. "తాగు, తాగు, నిదానంగా" అంటోంది చిన్నవ్వ, పసిపిల్లకు పట్టిస్తున్నట్టు. ఆపా పోసేటప్పుడు పెదాలు కదుపుతూ ఏదో చదివింది, పోశాక, "మా తమ్మునికి నా చేత్తో పోయలేకపోయినా. ఈడన్నా పోసినా" అని ఏడ్చింది. తమ్ముడు పోయిన తర్వాత ఆపా గట్టిగా ఏడవడం అదే మొదలు. నేనూ పోశాను. నా నీళ్ళకు కూడా గుటక పడింది. ఆఖరి చెంబుకు నీళ్ళు లోపలికి దిగకుండా బెజ్జం అంచు దాకా నిలిచిపోయాయి. "చాలంట" అంది చిన్నవ్వ. అప్పుడు గమనించాను, బోరు మూలగడం లేదు. గాలి మాత్రం వీస్తూనే ఉంది, నా కొంగు ఎగురుతూనే ఉంది.

సాయంకాలం ఊళ్ళో ఫోనున్న అంగడికి బావ ఫోను చేశాడు. అక్క రిసీవరు చెవికి పెట్టుకుని, వెంటనే నా చేతికి ఇచ్చేసింది. అవతల బావ ఏడుస్తూ నవ్వుతున్నాడు. పాప ఒంటికి పోసిందట. మళ్ళీ మళ్ళీ పోస్తోందట, పక్కగుడ్డలు మార్చలేక చస్తున్నారట, మిషను అక్కర్లేకపోవచ్చు, నీళ్ళు ఇవ్వండి అన్నాడట డాక్టరు. పిల్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగిందట. నేను ఫోను పెట్టీ పెట్టకముందే అంగడాయన వీధిలోకి పోయి, పాప ఒంటికి పోసిందంటప్పో అని చాటింపు వేసినట్టు అరిచాడు. ఒక పిల్ల ఒంటికి పోసినందుకు ఊరు ఊరంతా బయటికి వచ్చి నిలబడిన సంగతి నేను ఇంకెక్కడా చూడలేదు. "అవ్వ తాగినాది, పాప పోసినాది" అని ఎవరో అన్నారు. మధ్యాహ్నం గడ్డపారలు పట్టుకున్నవాళ్ళు పగలబడి నవ్వారు. అక్క అంగడి అరుగు మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తోంది, ఆపా వీపు రాస్తోంది. పిల్ల ఎన్నింటికి ఒంటికి పోసిందని నేను బావను అడగలేదు. సైన్సు టీచరు మొదట అడగాల్సిన ప్రశ్న అదే. ఆ రోజు అడగలేదు, ఇన్నేళ్ళలోనూ అడగలేదు. అట్లాంటి జబ్బు పిల్లల్లో చాలాసార్లు దానంతట అదే తగ్గుతుందని తర్వాత డాక్టరే చెప్పాడు. సరే అన్నాను. అదీ నిజమే అయి ఉంటుంది. నాకు తెలిసిన దేవుడు, ఉంటే, ఆ ప్రశ్న అడగకుండా నా నోరు పట్టుకున్నవాడే.

వాన రాలేదు. వచ్చింది గానీ పంట మాడిపోయాక, ఎప్పుడో కార్తీకంలో. అయినా అవ్వను తవ్వాలని మళ్ళీ ఎవరూ అనలేదు. అంత దగ్గరగా గుటక విన్నాక, ఆ మనిషి లోపల ఉన్నట్టు అందరికీ ఒక నమ్మకం కుదిరిపోయింది. ఉన్న మనిషిని ఇంట్లోంచి లాగడం ఎవరికి చేతనవుతుంది? మరునాడు చిన్నవ్వను పావగడ బస్సెక్కిస్తూ, మీ తట్టు ఆ ఆచారం ఏ ఊళ్ళో ఉంది, నేను ఎప్పుడూ వినలేదే అని అడిగాను. ఆవిడ కిటికీలోంచి నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఉందో లేదో నాకేం తెలుసు మ్మే? యాడో విన్నట్టుండాది" అంది. బస్సు కదిలాక తల బయటికి పెట్టి, "మా అక్కను కాలుస్తాంటే చూస్తా కూర్చోమంటావా" అంది.

పోయిన ఎండాకాలం అక్కా, నేనూ, అక్క కూతురూ ఆ చేలోకి పోయాం. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్ళయింది, బడిలో లెక్కలు చెబుతోంది, సంచిలో ఎప్పుడూ నీళ్ళ సీసా ఉంటుంది. సమాధి దగ్గర ఊరివాళ్ళు చెంబులతో వరసగా నిలబడి నీళ్ళు పోస్తున్నారు. మీసాలు నెరుస్తున్న ఒకాయన మాకు వివరంగా చెప్పాడు, వానలు ఆలస్యమైతే పెద్దల గొంతు తడపాలని, ఇది మా తాతముత్తాతల కాలం నుంచి ఉన్న ఆచారమని. ఆ మధ్యాహ్నం కిరసనాయిలు డబ్బా పట్టుకుని నిలబడిన పడుచువాడు ఆయనే. అక్క కూతురు ఆశ్చర్యంగా విని, "నిజంగా ఎప్పటి నుంచి పిన్నమ్మా ఇది?" అని నన్ను అడిగింది. అక్కే జవాబిచ్చింది, "నువ్వు చెప్పినప్పటి నుంచి" అని. పిల్ల నవ్వింది. ఆసుపత్రి గుర్తుందంట, దూది గుర్తుందంట, కుర్చీలో అవ్వ మాత్రం అసలు గుర్తు లేదంట. "నేను అట్లా అన్నానా?" అని తన సీసా మూత తీసి, మిగిలిన నీళ్ళన్నీ ఆ మట్టి మీద పోసింది. చిన్నవ్వ పోయి చాలా ఏళ్ళయింది, ఆపా నిరుడు పోయింది, ఈ ఆచారం ఆ మధ్యాహ్నం పుట్టిందని గుర్తున్నవాళ్ళం మేమిద్దరమే మిగిలాం. ఇంకొన్నేళ్ళకు అది ఎవరికీ తెలియని సంగతైపోతుంది. అప్పటికీ అవ్వ ఆయన పక్కన, కూతురు పడుకోబెట్టిన చోటే, ఎవరూ లేపకుండా పడుకునే ఉంటుంది.